కొలతల పుస్తకంలో మిగిలిన దళం

కువైట్ నుంచి వచ్చి నెల దాటింది. ఎలా ఉందని అడిగిన వాళ్ళకు తలా ఒక రకంగా చెప్పాను. ఒకరికి రోడ్ల గురించి, ఒకరికి రొట్టెల గురించి. వెళ్ళిన పని ఏమైందని అడిగిన వాళ్ళకు మాత్రం సరిగా చెప్పలేకపోయాను. ముప్పై ఏడేళ్ళు పత్రికల్లో పనిచేసినవాణ్ణి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్నవి తేలని వార్తను నా బల్ల మీద నుంచి కదలనిచ్చేవాణ్ణి కాదు. ఈ ప్రయాణంలో మొదటి మూడూ తేలాయి, అవి కూడా వరసలో కాదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు నేను కడపలో కొత్త విలేకరిని. ఆ తరువాత కొన్ని నెలలపాటు మనవాళ్ళు బాగ్దాద్, అమ్మాన్, బొంబాయి మీదుగా ఇళ్ళకు చేరుతూ ఉండేవారు. వాళ్ళ కోసం రాయచోటి బస్టాండులో నోటుపుస్తకం పట్టుకుని నిలబడేవాణ్ణి. అక్కడ దొరికినవాడే మస్తాన్ వలీ. కువైట్ సైన్యంలో కొత్తగా చేరినవాళ్ళకు లారీలు నడపడం, బాగుచేయడం నేర్పే శిక్షణ దళం ఒకటి ఉండేదట. దాని గేటు పక్క గదిలో అతను దర్జీ. ఇరాకీలు వచ్చిన రోజు లోపల చిక్కుకున్న పదకొండు మంది కుర్రాళ్ళకు యూనిఫారాలు విప్పించి, మామూలు బట్టలు తొడిగి బయటికి పంపేశానని చెప్పాడు. నేను దాన్ని ఫోటోతో పాటు వేశాను. రాయచోటి అంతా చదివింది.

యుద్ధం అయ్యాక మస్తాన్ మళ్ళీ కువైట్ వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. రంజానుకు, ఉగాదికి ఫోన్ చేసేవాడు. మొన్న అక్టోబరులో చేసినప్పుడు ఆ రెండు పండుగల్లో ఏదీ కాదు.

"ఇఖామా, ఈడుండే పర్మిట్టు, అయిపోతాంది సార్. వయసు మీరిందని ఇంగ రాయరంట. ఖలాస్, వచ్చేస్తాండా. వచ్చేలోపల ఒక పనుంది. మీరప్పుడు సగమే రాసినారు. తప్పు మీది గాదు, నేను సగమే చెప్పినా."

అహ్మదిలో ఆయిల్ కంపెనీ కాంట్రాక్టరు దగ్గర పనిచేసే మా అక్క కొడుకు వీసా తీశాడు. నవంబరులో ఒక సోమవారం దిగాను.

సబా అల్ సలేం

మస్తాన్ దుకాణం ఈ పేటలో, ఇళ్ళ మధ్య ఒక సందులో ఉంది. ఒక వైపు కిరాణా కొట్టు, ఇంకోవైపు ఇరానీ రొట్టెల కొలిమి. సాయంత్రం కొలిమి ముందు మనవాళ్ళ ఆడవాళ్ళే ఎక్కువ. ఇళ్ళల్లో పనిచేసే వాళ్ళు, మామా, అంటే ఇంటి యజమానురాలు, చెప్పినన్ని రొట్టెలు మోచేతి మీద తువ్వాలులా వేసుకుని వెళ్ళిపోతారు. యాభై ఫిల్సులకు రెండు. నేను చేత్తో పట్టుకుని వేళ్ళు కాల్చుకున్నాను. రాజంపేట నుంచి వచ్చిన ఒకామె నవ్వి, దినపత్రికలో చుట్టి ఇచ్చింది. నా వృత్తికి అక్కడ దొరికిన మొదటి ఉపయోగం అది.

రాత్రి భోజనం అతని గదిలో రాగిసంకటి. పిండి రాయచోటి నుంచి వస్తుంది. తిన్నాక మస్తాన్ మిగతా సగం చెప్పాడు.

దర్జీ పనిలో ఒక పద్ధతి ఉంది. బట్ట తీసుకుంటే కొలతలు పుస్తకంలో రాసి, ఆ బట్టలో చిన్న ముక్క కత్తిరించి అక్కడే గుండుసూదితో గుచ్చుతారు. అదే నంబరు చీటీ మీద వేసి ఖాతాదారుకు ఇస్తారు. చీటీ తెస్తేనే బట్టలు. మస్తాన్ కొలతలు తెలుగులో రాసుకునేవాడు. పేరు, ఇంటి చిరునామా మాత్రం కుర్రాళ్ళ చేతే అరబీలో రాయించేవాడు, సెలవుల్లో ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వడానికి వీలుగా. ఆ రోజు పొద్దున పదకొండు యూనిఫారాలు విప్పించినప్పుడు కూడా అదే చేశాడు. విడివిడిగా మూట కట్టి, నంబరు వేసి, ఎవరి చీటీ వాళ్ళకు ఇచ్చాడు. వెనక తన గది చిరునామా రాశాడు.

"పారిపోయేటోళ్ళకు చీటీలిచ్చినా సార్. చేతికి అలవాటు. ఒకరి బట్టలు మనకాడ ఉంటే చీటీ ఇయ్యాల, అంతే. అది చూస్తే ఎవుడైనా సోల్జరని తెలుసుకుంటాడని అప్పుడు తోచలా."

మూటలు, పుస్తకం ఇదే వీధిలో అప్పట్లో అతనున్న మేడ మీద, ఖాళీ నీళ్ళ ట్యాంకులో పెట్టి మూత వేశాడు. మూడు వారాల తరువాత దేశం విడిచాడు. మళ్ళీ వచ్చి చూస్తే ట్యాంకు ఉంది, లోపల ఏమీ లేదు. కొన్నాళ్ళకు, ఏడో నంబరు చీటీ తీసుకున్న యూసుఫ్‌ను ఇరాకీలు పట్టుకుపోయారని, తిరిగి రాలేదని విన్నాడు. తన పుస్తకమో, తన చీటీయో పట్టిచ్చిందని అప్పటినుంచి అతని లోపల ఉంది. ఎవరినీ అడగలేదు. అడగాలంటే ముందు తాను చేసింది చెప్పాలి.

"గురువారం సాయంత్రం ఫ్లైటు. ఆ లోపల ఆ దళం వాళ్ళు ఒక్కరు దొరికితే చాలు. నా వల్లనా, కాదా? అదొక్కటే."

నేను అతని ముఖం చూడలేదు. బట్టలు మార్పించానని చెప్పినవాణ్ణి, విప్పిన బట్టలు ఏం చేశావని అడగాలి కదా. బస్టాండులో నాకు ఆ ప్రశ్న తట్టలేదు.

జహ్రా దారి

మంగళవారం రెడ్డెప్ప కారు తెచ్చాడు. రాయచోటి దగ్గరి సంబేపల్లె అతనిది. ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. యజమాని కుటుంబం ఊరికి పోయిందని, కారు వాడుకోమని చెప్పారని అన్నాడు. ఆ మాట మూడు రోజుల్లో నాకు నాలుగుసార్లు చెప్పాడు కాబట్టి నాకు కొంత అనుమానం మిగిలింది.

ఆ దళం శిబిరం జహ్రా వైపు ఉండేదని మస్తాన్ చెప్పాడు. పోతే అక్కడ గోదాములు. ఇంకాస్త ముందుకు పోతే ఇంకో గోడ, దాని వెనక ఏముందో తెలియదు. గేటు ఇక్కడే అంటాడు, దిగి నాలుగడుగులు వేసి కాదంటాడు. గోదాము కాపలా ఉన్న ఈజిప్టు మనిషి ఇక్కడ సైన్యం ఏదీ లేదన్నాడు. టీ అమ్మే బంగ్లాదేశ్ అతను ఉండేదని, దక్షిణానికి మారిందని చెప్పాడు. అతని దగ్గర టీ తాగుతున్న లారీ డ్రైవరు, మారలేదు, ఆ దళాన్నే తీసేశారని అన్నాడు. టీ నూట యాభై ఫిల్సులు, మన లెక్కలో నలభై రూపాయల పైన. సమాచారం ఉచితం, మూడు రకాలు.

"మాకు అలవాటే సార్," అన్నాడు రెడ్డెప్ప. "కువైటోడు అడ్రెసు చెప్తే బ్లాకు, వీధి, ఇల్లు అని నంబర్లు చెప్తాడు. మనోడు చెప్తే ఫలానా బకాలా కొట్టు పక్కన అంటాడు. బకాలా మూసేస్తే మనోడు కూడా పోయినట్టే."

ఆ పొడవైన గోడను ఫోటో తీశాను. రెండు నిమిషాల్లో ఒక జీపు వచ్చి ఆగింది. దిగిన కుర్ర సైనికుడు ఫోన్ అడిగి తీసుకుని, ఆ ఫోటోతో పాటు ముందురోజు రాత్రి తీసిన సంకటి ఫోటో కూడా తీసేసి మర్యాదగా తిరిగి ఇచ్చాడు. మస్తాన్ అతనితో అరబీలో ఏదో మాట్లాడాడు. చాలాసేపే మాట్లాడుకున్నారు. ఏమన్నాడని అడిగితే, "ఏం లేదు సార్, పొమ్మన్నాడు" అన్నాడు. అంతసేపు మాటలకు అర్థం అదొక్కటేనా అని నాకు అప్పుడే కాదు, ఆ ప్రయాణమంతా అనిపించింది.

మధ్యాహ్నం మజ్బూస్ తిన్నాం. చూడ్డానికి బిర్యానీ, వాసన కూడా దగ్గరే, కారం మాత్రం లేదు. రెడ్డెప్ప చొక్కా జేబులోంచి పొట్లం తీసి, అడగకుండానే నా పళ్ళెం అంచున ఎండుకారం పోశాడు.

పాత సూక్

బుధవారం పొద్దున దళం వివరాలు అడగడానికి కువైట్ సిటీలో ఒక కార్యాలయానికి వెళ్ళాం. కిటికీ దగ్గర ఒకరు ఇంకో కిటికీ చూపారు, అక్కడ ఒకరు మొదటి కిటికీ చూపారు. బయటికి వచ్చి పాత బజారులో నడుస్తుంటే మస్తాన్ ఉన్నట్టుండి ఆగాడు. అది సైనికులకు బ్యాడ్జీలు కుట్టే దుకాణం.

ఆ మాత్రం మొదటిరోజే తోచలేదా అని అడగబోయి ఊరుకున్నాను. ఇన్నేళ్ళూ ఈ వీధి తప్పించుకుని తిరిగినవాడు.

దుకాణం రఫీక్ సాబ్‌ది. పాకిస్తానీ, గడ్డానికి గోరింట పెట్టుకున్న పెద్దమనిషి. ఇక్కడ మాత్రం మాటలు హిందీలో కాబట్టి నాకు అర్థమయ్యాయి. మస్తాన్ దళం పేరు చెప్పగానే ఆయన పేరు పట్టించుకోలేదు, బ్యాడ్జీ ఎలా ఉండేదని అడిగాడు. స్టీరింగ్ చక్రం, కింద ముళ్ళపొద అన్నాడు మస్తాన్. ఆయన ఒక రేకు డబ్బా తెరిచి గాజుబల్ల మీద ముక్కలు పరిచాడు.

మొదటిది బంగారు దారంతో చక్రం, ముళ్ళపొద. రెండోది నల్లదారంతో చక్రం ఒక్కటే. ఆక్రమణ రోజుల్లో దళంలో మిగిలినవాళ్ళు సరిహద్దు దాటి సౌదీలో గుడారాలు వేసుకున్నప్పుడు చేత్తో కుట్టుకున్నదట. అక్కడ బంగారు దారం ఎక్కడిది? మూడోదానిలో చక్రం మధ్య ఒక ఎర్ర త్రికోణం. యుద్ధం అయ్యాక ఇసుకలో మందుపాతరలు, డ్రైవరుకు బండి నడపడం కంటే ముందు ఎక్కడ నడపకూడదో నేర్పవలసి వచ్చింది. నాలుగోదానిలో చక్రం సగమే. దళాన్ని పెద్ద శిక్షణ కేంద్రంలో కలిపేశారు, కొత్త చిహ్నంలో అంత చోటే దొరికింది. ఐదోది అచ్చు వేసింది, వెనక అంటించుకునే పట్టీ.

"ఇప్పుడు బండి కూడా కదలదు," అన్నాడు రఫీక్ సాబ్. "గదిలో కూర్చోబెట్టి తెర మీద నడిపిస్తారు. బ్యాడ్జీ కుట్టక్కర్లేదు, బండి నడపక్కర్లేదు."

నేను నోటుపుస్తకం తీసి అవన్నీ రాసుకున్నాను. నిన్న విన్న మూడు మాటలూ నిజమేనని తేలింది. అక్కడ ఇప్పుడు లేదు, మారింది, తీసేశారు. ముగ్గురూ ఒకదాని గురించే చెప్పారని తెలిశాక నా అయోమయం తగ్గాలి. తగ్గలేదు. ఐదు ముక్కలూ పక్కపక్కన చూస్తే ఒకే దళమని నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఆ పాతవాళ్ళలో అబూ ఫహద్ అనే ఆయన ఉన్నాడని, కొడుకు ఆయిల్ కంపెనీలో ఇంజినీరని, అహ్మదిలో ఉంటాడని, ఏటా వచ్చి మొదటి రకం బ్యాడ్జీ పదకొండు కుట్టించుకుని పోతాడని రఫీక్ సాబ్ చెప్పాడు.

"పదకొండా?" అన్నాడు మస్తాన్.

రఫీక్ సాబ్ అప్పటికే ఫోన్ చేస్తున్నాడు.

అహ్మది

అహ్మదిలో చెట్లున్నాయి. వరస ఇళ్ళు, తోటలు. మా అక్క కొడుకు ఎందుకంత మెచ్చుకుంటాడో తెలిసింది. అబూ ఫహద్ ఇంట్లో వీధి వైపు మగవాళ్ళు కూర్చునే పొడవాటి గది ఉంది. దివానియా అంటారు. పిలుపు అక్కర్లేదు, సాయంత్రం ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. మన రచ్చబండకు గోడలు కట్టి, ఏసీ పెట్టి, మెత్తలు వేస్తే అలా ఉంటుంది. చిన్న గిన్నెలో చేదు కాఫీ పోశారు. ఖాళీ చేస్తే మళ్ళీ పోశారు. ఆరోసారికి రెడ్డెప్ప నా చేయి పట్టుకుని గిన్నెను అటూ ఇటూ ఊపించాడు. చాలు అనడానికి అక్కడ అదే గుర్తు.

అబూ ఫహద్ సన్నటి మనిషి, డెబ్బై అయిదు దాటి ఉంటాయి. ఆ దళంలో శిక్షకుడిగా చేశాడు. పక్కన ఇంకొకాయన కూర్చున్నాడు. సలాములయ్యాక అబూ ఫహద్ ఆయన్ను పరిచయం చేశాడు. మస్తాన్ కాఫీ గిన్నె కింద పెట్టేశాడు. నా వైపు వంగి చెప్పాడు.

"యూసుఫ్ తమ్ముడంట సార్. పేరు హమద్."

దళం వాళ్ళను అడుగుదామని వచ్చినవాడు. ఇంటివాళ్ళు ఎదురవుతారని అనుకోలేదు.

తరువాతి గంట మాటలు నాకు ముక్కలుగానే అందాయి. మస్తాన్ మధ్యలో గుర్తొచ్చినప్పుడు తెలుగులో చెప్పేవాడు, గుర్తు రానప్పుడు వదిలేసేవాడు. ముందు మాట్లాడింది అబూ ఫహద్. ఆ రోజు పొద్దున శిక్షకులు ఆరు లారీలు దక్షిణానికి తీశారు. కుర్రాళ్ళు ఏడో లారీలో వస్తారనుకున్నారు. ఏడోది స్టార్టు కాలేదు. అది బాగుచేయడం నేర్పే పాఠం ఇంకా రాలేదట. సరిహద్దు దాటాక వెనక్కి చూస్తే ఆరే ఉన్నాయి. గుడారాల్లో కొత్తవాళ్ళకు పాఠాలు చెప్తూ ఏడు నెలలు ఆ పదకొండు మంది గురించే ఆలోచించానని ఆయన అన్నాడు. మస్తాన్ ఆ మాట చెప్పి, "ఈయనకూ నా రోగమే సార్" అన్నాడు.

ఆ తరువాత మస్తాన్ చెప్పాడు. చీటీలు, మూటలు, ట్యాంకు, అన్నీ. హమద్ లేచి బయటికి వెళ్ళాడు. కోపంతో వెళ్ళిపోయాడనుకున్నాను. పది నిమిషాలకు, అదే వీధిలోని తన ఇంటి నుంచి తిరిగి వచ్చి మా మధ్య ఒక పుస్తకం పెట్టాడు. పొడవు పుస్తకం, ఎర్రగుడ్డ అట్ట.

మస్తాన్ దాన్ని ముట్టుకోలేదు.

హమద్ అప్పుడు మొదటిసారి మాట్లాడాడు. యూసుఫే చీటీ పట్టుకుని ఆ మేడకు వెళ్ళాడట. మస్తాన్ అప్పటికే దేశం దాటాడు. మేడ అంతా వెతికి, ట్యాంకులో మూటలు చూసి, ఎవరి కంట పడినా ప్రమాదమని యూనిఫారాలు తగలబెట్టి, పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాడు. దుకాణాలు మూతపడిన రోజులు. మిగతా పది ఇళ్ళ చిరునామాలూ అందులో ఉన్నాయి. కొలిమి వాళ్ళ వ్యాను నడుపుతూ ఆ పది ఇళ్ళకూ రొట్టెలు వేసేవాడు. ఒకరోజు దారిలో తనిఖీ దగ్గర వ్యాను ఆపారు. పుస్తకం ఇంట్లోనే ఉంది, చీటీ కూడా. అతను మాత్రం రాలేదు.

విముక్తి తరువాత చూస్తే దళం కార్యాలయం కాలిపోయింది. ఆ జట్టు సైన్యంలో చేరిందనడానికి ఒక్క కాగితం లేదు. ఈ పుస్తకంలో వాళ్ళ చేతిరాత, యూనిఫారం ముక్కలు చూపించి పదకొండు పేర్లూ సైన్యం జాబితాలో మళ్ళీ ఎక్కించామని అబూ ఫహద్ చెప్పాడు.

మస్తాన్ అడగవలసిన ప్రశ్న అడిగాడు. అరబీలో అడిగి, నాకోసం తెలుగులో కూడా అన్నాడు.

"పుస్తకం లేకుంటే ఆ ఇండ్లకు పోయుండడు గదా? పోకుంటే బతికుండేటోడు గదా?"

అబూ ఫహద్ చెప్పిన జవాబు, ఆ ఇళ్ళవాళ్ళు ఆకలితో ఉండేవాళ్ళని. అది జవాబేనా? హమద్ పుస్తకం తెరిచి ఏడో పేజీలో ఎడమవైపు వేలు పెట్టాడు. అరబీ అంతా చదివాం, ఈ రాత ఇన్నేళ్ళుగా ఎవరికీ తెలియలేదు, ఇది ఏమిటని అడిగాడు.

మస్తాన్ జేబులు తడుముకున్నాడు. కళ్ళద్దాలు లేవు, సబా అల్ సలేంలోనే మరచిపోయాడు. పుస్తకం నా వైపు తిప్పాడు.

మూడు రోజులుగా ఆ దేశంలో అరబీ బోర్డు ఒక్కటీ చదవలేనివాణ్ణి, ఆ గదిలో నేనొక్కణ్ణే చదవగలిగినది ఒకటి దొరికింది. మసకబారిన పెన్సిలు రాత. ఛాతీ ముప్పై ఎనిమిది. చేయి ఇరవై నాలుగు. మెడ పదిహేను. కింద ఒక వాక్యం: "ఎడమ భుజం ముక్కాలంగుళం దిగువ, లోపల దూది మెత్త వేయాల."

మస్తాన్ అరబీలో చెప్పాడు. హమద్ మళ్ళీ చెప్పమన్నాడు. రెండోసారి చెప్పాక తన ఫోన్‌లో ఒక పాత ఫోటో చూపించాడు. యూనిఫారంలో కుర్రాడు, రెండు భుజాలూ గీత గీసినట్టు సమంగా ఉన్నాయి.

"వాళ్ళమ్మ ఈ ఫోటో ఇంట్లో పెట్టనీలేదంట సార్," అన్నాడు మస్తాన్. "ఇది నా కొడుకు కాదు అనేదంట, చచ్చిపోయేదాకా. ఎందుకట్ల అనేదో ఎవరికీ తెలీదంట."

హమద్ ఎంత అని అడిగినట్టున్నాడు. మస్తాన్ బొటనవేలికి, చూపుడువేలికి మధ్య ముక్కాలంగుళం పట్టి చూపించాడు. హమద్ ఆ సందు వైపే చూస్తూ కూర్చున్నాడు.

లేచేటప్పుడు హమద్ పుస్తకం వెనక అట్టలోంచి ఏడో నంబరు చీటీ తీసి ఇవ్వబోయాడు. మస్తాన్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. బయటికి వచ్చాక చెప్పాడు, "బట్టలియ్యకుండా చీటీ ఎట్ల తీసుకునేది?"

మళ్ళీ సబా అల్ సలేం

గురువారం పొద్దున నేను లేచేసరికి దుకాణంలో మిషను చప్పుడు. అతను అప్పటికే సామాను కట్టేశాడు, మిషను మాత్రం కొనుక్కున్నవాడు మధ్యాహ్నం వచ్చి తీసుకుంటాడు. బల్ల మీద తెల్లబట్ట. ఛాతీ ముప్పై ఎనిమిది, చేయి ఇరవై నాలుగు, మెడ పదిహేను. కువైటీలు వేసుకునే నిలువు అంగీ, దిష్‌దాషా. ఎడమ భుజం ముక్కాలంగుళం దించి కత్తిరించాడు. మెత్త వేయలేదు.

ఎవరు వేసుకుంటారని నేను అడగలేదు. ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టి, రెడ్డెప్ప చేతికి ఇచ్చి అహ్మదికి పంపాడు. చీటీ తెమ్మని రెండుసార్లు చెప్పాడు.

రెడ్డెప్ప నాలుగు గంటలకు వచ్చాడు. మిషను పోయిన చోట గచ్చు మీద నాలుగు గుంటలు మిగిలాయి. మస్తాన్ ఆ పక్కన పెట్టె మీద కూర్చుని ఉన్నాడు.

"ఇచ్చినా," అన్నాడు రెడ్డెప్ప. "వాకిట్లోనే విప్పి చూసుకున్న్యాడు. భుజాలు పట్టుకుని చానాసేపు చూసినాడు. లోపలికి తీసుకపోయినాడు."

"చీటీ?"

"అడిగినా అన్నా. ఇయ్యలా. చీటీ నాకాడనే ఉంటాదని చెప్పమన్న్యాడు."

"అంతేనా?"

"అంతే. సలాం చెప్పమన్న్యాడు."

మస్తాన్ నా వైపు తిరిగాడు.

"అంటే ఏంది సార్? మాఫ్ చేసినట్టా, చేయనట్టా?"

ముప్పై ఏడేళ్ళు జనాన్ని ప్రశ్నలడిగి బతికినవాణ్ణి. నన్ను అడిగిన ఈ ఒక్కదానికి నేను రెడ్డెప్ప వైపు చూశాను. అతను పెట్టె కింద చేయి వేసి లేపుతూ, "ఫ్లైటుకు టైమైతాంది, యల్లా" అన్నాడు.